అంట్లు, గిన్నెలు, గరిటెలు: తోమడం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మన వైపు వంటిళ్లలో సామాను ఒక్క రకంతో ఆగదు. అమ్మమ్మ నాటి ఇత్తడి గుండిగ, పెళ్లిలో వచ్చిన స్టీలు, నిరుడు ఆన్‌లైన్లో కొన్న నాన్‌స్టిక్ పెనం, చేపల పులుసుకని విడిగా పెట్టుకున్న మట్టి దాక, అన్నీ ఒకే కుళాయి కిందకి చేరతాయి. అన్నిటినీ ఒకే సబ్బుతో, ఒకే పీచుతో రుద్దేస్తాం. నన్నడిగితే సామాను వండడం వల్ల పాడయ్యేది తక్కువ, తోముడు వల్ల పాడయ్యేదే ఎక్కువ. అంటుకున్నది ఏమిటి, గిన్నె దేనితో చేసింది అన్న రెండూ చూసుకుంటే సగం రుద్దుడు తప్పుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులివి.

తోమడానికి ఒక వరస అంటూ ఉందా? ఏది చేతికొస్తే అది తోమేయొచ్చా?

వరస ఉంది. ముందు గాజు గ్లాసులు, టీ కప్పులు. తర్వాత చెంచాలు, కంచాలు, అన్నం గిన్నెలు. జిడ్డు మూకుడు, వేపుడు గరిటె ఆఖరికి. మొదటే మూకుడు పట్టుకుంటే ఆ జిడ్డు పీచుకెక్కి గ్లాసుల దాకా పాకుతుంది.

ఇంకొకటి, నీళ్ల సంగతి. పాలగిన్నె, గుడ్డు కొట్టిన గిన్నె ముందు చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే పాలలోని, గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడి గిన్నెకు ఇంకా పట్టేస్తాయి. నూనె, నెయ్యి అంటినవాటికి వేడినీళ్లు.

చోడంబలి (రాగుల అంబలి) కాచిన గిన్నె ఎంత తోమినా అడుగు వదలడం లేదు.

అంబలి గిన్నెను ఎండనివ్వడమే అసలు ఇబ్బంది. చోడిపిండిలో ఉన్న గంజి తడిగా ఉన్నంతసేపూ మెత్తగా ఉంటుంది. ఆరిందంటే అట్టకట్టి, గోరుతో గీకినా రాదు. అంబలి వంచుకోగానే గిన్నె నిండా చన్నీళ్లు పోసి పక్కన పెట్టండి. గంట తర్వాత ఆ అట్ట ఉబ్బి, అంచు దగ్గర లేచి, తొక్కలా ఊడొస్తుంది. అన్నం, గంజి, ఉప్మా గిన్నెలకూ ఇదే.

నిజంగా మాడిపోతే స్టీలు గిన్నె అయితే నీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేసి పొయ్యి మీద పది నిమిషాలు మరిగించి, చల్లారాక చెక్క గరిటెతో తొయ్యండి. అల్యూమినియం గిన్నెకు మాత్రం సోడా వద్దు. కారణం కింద ఉంది.

బూడిదతో తోమడం మంచిదేనా? ఇప్పుడెవరూ తోమడం లేదు కదా.

కట్టెల బూడిద క్షారగుణం ఉన్నది. అందులో పొటాషియం కార్బనేట్ ఉంటుంది. అది జిడ్డుతో కలిస్తే కొంత సబ్బులాంటిదే తయారవుతుంది. పైగా మెత్తటి పొడి కాబట్టి రాపిడి కూడా ఇస్తుంది. చేపలు వండిన గిన్నెకు, నూనె పట్టిన దీపపు కుందులకు లిక్విడ్ సబ్బు కన్నా బూడిదే బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం. నురగ ఉండదు కాబట్టి కడగడానికి నీళ్లూ తక్కువ పడతాయి. బోరు ఆగిపోయిన రోజున ఆ తేడా బాగా తెలుస్తుంది.

కాకపోతే కొన్ని జాగ్రత్తలు. సరుగుడు, జీడిమామిడి, తుమ్మ లాంటి కట్టెల బూడిదే వాడాలి. చెత్తతో పాటు ప్లాస్టిక్ కవర్లు తగలబెట్టిన చోట తీసింది వద్దు. రాతిబొగ్గు బూడిదా వద్దు. పాత బట్టలో జల్లించి బొగ్గుముక్కలు, ఇసుక తీసేయాలి. లేకపోతే స్టీలు నిండా గీతలే. అల్యూమినియానికి, నాన్‌స్టిక్‌కి బూడిద తాకించొద్దు.

ఇత్తడి సామాను ఎందుకు నల్లబడుతుంది? మళ్లీ పచ్చగా మెరవాలంటే ఏం చెయ్యాలి?

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిపిన లోహం. రాగి గాలితో, తేమతో, వంటింటి పొగతో కలిసి పైన నల్లటి పొర కడుతుంది. మన జిల్లాలకు సముద్రం దగ్గర. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. తడి అలాగే ఉండిపోయిన మూలల్లో ఆకుపచ్చగా పట్టేది చిలుము. చిలుము కడుపులోకి వెళ్లకూడదు. అది కనిపించిన గిన్నెలో వండొద్దు.

చింతపండు పని చేసేది అందులోని టార్టారిక్ ఆమ్లం వల్ల. అది ఆ నల్లపొరను కరిగిస్తుంది, చిటికెడు ఉప్పు వేస్తే ఇంకా వేగంగా. దానికోసం కొత్త చింతపండు ఖర్చుపెట్టనక్కర్లేదు. పులుసు పిండేసిన పిప్పి చాలు. కానీ చాలామంది ఇళ్లలో దీపాల దగ్గర ఇది ఫలించదు. ఎందుకంటే నూనె ఉన్న చోట పులుపు లోహాన్ని అందుకోలేదు. కుందులు, హారతిపళ్లెం ముందు వేడినీళ్లు పోసి, శనగపిండితోనో బూడిదతోనో జిడ్డంతా వదలగొట్టి, ఆ తర్వాతే చింతపండు పట్టించాలి. క్రమం తప్పితే అరగంట రుద్దినా మచ్చలు మచ్చలుగానే ఉంటుంది.

పట్టించి రెండు మూడు నిమిషాలకు మించి వదిలేయకండి. రాత్రంతా చింతపండు నీళ్లలో నానేస్తే ఇత్తడిలోని తుత్తునాగం కరిగి, పైన రాగి మిగిలి, గిన్నె గులాబిరంగు మచ్చలు పడుతుంది. తర్వాత ఎంత తోమినా ఆ రంగు ఒకపట్టాన పోదు. కడిగాక పులుపు ఏమాత్రం మిగలకుండా రెండుసార్లు నీళ్లతో తొలిచి, వెంటనే పొడిబట్టతో తుడవాలి. ఎండకి వదిలేస్తే నీటిచుక్క ఆరిన చోటల్లా మచ్చే. పీతాంబరి లాంటి పొడులూ ఇదే దారిలో పనిచేస్తాయి, చేతికి కొంచెం తేలిక.

షోకేసులో పెట్టే కొత్త ఇత్తడి బొమ్మలకు చాలావాటికి పైన వార్నిష్ పూత ఉంటుంది. వాటికి పులుపు వద్దు, తడిబట్ట చాలు.

బుడితి సామాను మా ఇంట్లో ఉంది. దానికి వేరే పద్ధతి ఏమైనా ఉందా?

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి చెంబులు, గిన్నెలు నునుపుగా, గీతలు చెక్కి ఉంటాయి. ఆ గీతల్లోనే మట్టి, పొడి చేరి నల్లగా ఉండిపోతుంది. పాత టూత్‌బ్రష్, చింతపండు రసం తీసుకుని గీత వెంబడి తిప్పండి. స్టీలు పీచు మాత్రం దగ్గరకు రానివ్వకండి. ఆ నునుపు ఒకసారి పోతే ఇంట్లో రాబట్టలేం.

మీ దగ్గరున్నది ఇత్తడో కంచో తేల్చుకోండి. కంచులో రాగితో పాటు తగరం ఉంటుంది, సుమారుగా రాగి 78 పాళ్లు, తగరం 22 పాళ్లు. కొడితే చాలాసేపు మోగుతుంది. ఆ తగరమే కంచును గట్టిగా, పెళుసుగా చేస్తుంది. ఇత్తడి చెంబు కిందపడితే సొట్టపోతుంది, కంచు కంచం పగులుతుంది. పొయ్యి మీద నుంచి దింపిన కంచుగిన్నెలో చన్నీళ్లు పోయొద్దు. తోమేటప్పుడు గట్టు మీద ఒక గోనెసంచి పరుచుకుంటే మేలు.

రథసప్తమికి ఇత్తడి గిన్నెలో పరమాన్నం వండుతాం. కళాయి (లోపలి తగరపు పూత) లేకపోయినా ఫర్వాలేదా?

అరసవల్లి సూర్యనారాయణస్వామి పేరు చెప్పుకుని ఆ రోజు ప్రతి ఇంట్లో అటకమీది గిన్నె కిందకి దిగుతుంది. పాలు, బియ్యం, బెల్లంతో వండుతాం కాబట్టి పులుపు లేదు. బాగా తోమిన గిన్నెలో వండి, దింపగానే వేరే గిన్నెలోకి తీసేస్తే సరిపోతుంది. అందులోనే సాయంత్రం దాకా ఉంచొద్దు.

పప్పుచారు, పులుసు, పులిహోర, మజ్జిగ మాత్రం కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో చెయ్యకూడదు. పులుపుకి రాగి కరిగి వంటలోకి వస్తుంది. నోట్లో చేదుగా, లోహపు రుచి తగులుతుంది, కొందరికి వాంతులు కూడా అవుతాయి.

కళాయి అంటే అసలు ఏం చేస్తారు? ఎప్పుడు వేయించాలి?

గిన్నెను ఎర్రగా కాల్చి, లోపల నవాసారం (ఒక రకం లవణం) చల్లి శుభ్రం చేసి, తగరపు కడ్డీ ఆనిస్తే అది కరుగుతుంది. దాన్ని దూదితో గిన్నె అంతా తిప్పి పూస్తారు. అంత వేడిమీద ఆ చెయ్యి ఎంత వేగంగా తిరుగుతుందో చూడాల్సిందే. ఒక్క ఊపులో నల్లటి గిన్నె లోపల వెండిలా తెల్లబడుతుంది.

లోపల అక్కడక్కడ పసుపురంగు ఇత్తడి తొంగిచూస్తే కళాయి అరిగినట్టే. ఎన్నాళ్లకి అన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. ఇది కాపాడుకోవడం తెలిస్తే చాలాకాలం వస్తుంది. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే ఖాళీ గిన్నెను పెద్దమంట మీద పెడితే పూత కరిగి ఒక మూలకి చేరిపోతుంది. ముందు నీళ్లో నూనో పోసి, తర్వాతే వెలిగించాలి. తోమేటప్పుడు స్టీలు పీచు, ఇసుక, ఇటుకపొడి వద్దు. వేపుళ్లకి కళాయి గిన్నె పనికిరాదు. ఇప్పుడు వీధుల్లో కేకేసే కళాయివాళ్లు అరుదు. ఇత్తడి సామాను అమ్మే పాత కొట్లలో అడిగితే ఎవరు వేస్తారో చెబుతారు.

రాత్రంతా రాగిచెంబులో నీళ్లు ఉంచి తాగడం మంచిదేనా?

మంచినీళ్లు మాత్రమే, ఒక రాత్రికి మాత్రమే అయితే ఇబ్బంది ఉండదు. తాగునీటిలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు. నిమ్మరసం, మజ్జిగ, కొబ్బరినీళ్లు అందులో పోయొద్దు. చెంబు లోపల పచ్చదనం కనిపిస్తే ఆ నీళ్లు పారబోసి నిమ్మచెక్కతో తోమండి. మూతి సన్నగా ఉండి చెయ్యి దూరని రాగి బాటిల్ అయితే కొనకపోవడమే నయం. లోపల ఏముందో మీకు కనిపించదు.

స్టీలు గిన్నె అడుగున చిన్న చిన్న చుక్కల్లాంటి గుంతలు పడ్డాయి. నాసిరకం స్టీలా?

కావచ్చు, కానీ మంచి స్టీలుకీ పడతాయి. స్టీలు తుప్పు పట్టకుండా కాపాడేది అందులోని క్రోమియం పైన కట్టే కంటికి కనపడని పొర. చన్నీళ్లలో కల్లుప్పు వేస్తే అది కరగకుండా అడుగున కూర్చుని, కూర్చున్న చోటల్లా ఆ పొరను తినేస్తుంది. నీళ్లు మరిగాక ఉప్పు వెయ్యండి. ఊరగాయ ముక్కలకి ఉప్పు కలిపి స్టీలు బేసిన్‌లో రోజుల తరబడి ఉంచొద్దు. దానికి జాడీ ఉంది.

రకం విషయానికొస్తే 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. దాన్నే 18/8 అని గిన్నె అడుగున కొడతారు.

అడుగున నీలం, ఊదా రంగులు పూసినట్టు కనిపిస్తే భయపడక్కర్లేదు, ఎక్కువ వేడికి ఆ పొర మందమైంది అంతే. తెల్లటి పొర అయితే బోరునీళ్లలోని సున్నం. రెండిటికీ వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తుడిస్తే సరి. ఇనుప పీచుతో తోమిన గిన్నె మీద మర్నాడు ఎర్రచుక్కలు కనిపిస్తే అవి గిన్నెవి కావు. పీచునుంచి రాలిన ఇనుపరజను తుప్పుపట్టింది.

గిన్నె మీద కొట్టించిన పేరులో నల్లగా మట్టి ఇరుక్కుంటోంది.

వంటసోడా ముద్ద, టూత్‌బ్రష్. ఆ పేరు చూసే కదా ఊళ్లో పెళ్లికిచ్చిన గిన్నె మళ్లీ మనింటికొచ్చేది, అక్షరాలు కనపడేలా ఉంచుకోండి.

గ్లాసులో గ్లాసు ఇరుక్కుపోయింది.

లోపలి గ్లాసులో ఐసునీళ్లు పోసి, బయటి గ్లాసును వేడినీళ్లలో నిలబెట్టండి. లోపలిది ముడుచుకుంటుంది, బయటిది సాగుతుంది. అర నిమిషం ఆగి తిప్పుతూ లాగితే ఊడుతుంది. గాజుగ్లాసులకైతే వేడినీళ్లు గోరువెచ్చగానే ఉండాలి.

ఇడ్లీపాత్ర, కుక్కరు లోపల నల్లగా అవుతున్నాయి.

అవి అల్యూమినియం. నీళ్లలోని క్షారం, లవణాల వల్ల ఆ నలుపు వస్తుంది. నీళ్లలో చిన్న చింతపండు ముక్కో పిండిన నిమ్మచెక్కో వేసి మరిగిస్తే చాలావరకు పోతుంది. ఇడ్లీలు ఉడికించేటప్పుడే అడుగునీళ్లలో ఆ ముక్క వేస్తే అసలు రాదు. వంటసోడా, చాకలిసోడా, బూడిద అల్యూమినియాన్ని తినేస్తాయి. పైన వద్దన్నది అందుకే.

కుక్కరుకు ఇంకో పని ఉంది. వెయిట్ కూర్చునే గొట్టాన్ని వెలుతురుకెత్తి చూడండి, అవతల వెలుగు కనిపించాలి. పప్పు పొట్టు అడ్డుపడితే ఆవిరికి దారి ఉండదు. రబ్బరు తీసి విడిగా కడిగి ఆరబెట్టాలి. మూత బిగించి దాచొద్దు, బోర్లించి పైన పెట్టండి.

ఇనుప మూకుడు తుప్పు పట్టింది. పారేయాలా?

ఇనుము పారేసే వస్తువు కాదు. ఇటుకపొడి, ఉప్పు, సగం నిమ్మకాయ తీసుకుని ఎర్రదనం పోయేదాకా రుద్ది కడగండి. వెంటనే పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరనిచ్చి, వేడిగా ఉండగానే నువ్వులనూనె గుడ్డతో పలచగా రాయండి. మెరిసేంత నూనె వద్దు, తుడిచేస్తే మిగిలినంత చాలు. పొగ వచ్చేదాకా వేడి చేసి ఆపండి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే నూనె గట్టి నల్లపొరగా మారి లోహానికి పట్టేస్తుంది. ఆ నలుపు మురికి కాదు, మూకుడు బలం అదే. కొత్త కోడలు వచ్చి దాన్ని శుభ్రం చేద్దామని తెల్లగా తోమేసిందంటే మళ్లీ మొదటికే.

రోజూ వేడినీళ్లు, కొబ్బరిపీచు చాలు. రాత్రంతా నానబెట్టొద్దు. పులుసు ఇందులో కాస్తే ఆ పొర పోతుంది, పులుసూ నల్లబడుతుంది.

నాన్‌స్టిక్ పెనం ఎన్నాళ్లు వాడొచ్చు?

పూత లేచేదాకా. స్టీలు అట్లకాడ వాడితే అది తొందరగా వస్తుంది. ఖాళీ పెనాన్ని పెద్దమంట మీద వదిలేయొద్దు, 260 డిగ్రీలు దాటితే పూత చెడడం మొదలవుతుంది, ఇంకా పెరిగితే విషపు పొగ వస్తుంది. అట్లకి నా ఓటు ఇనుప పెనానికే.

పనసకాయ కోస్తే కత్తిపీటకి జిగురు పట్టి, సబ్బుతో కడిగినా పోవడం లేదు.

పోదు. పనసపాలు నీళ్లలో కరగవు, నూనెలో కరుగుతాయి. ఉద్దానం వైపు పనస చెట్టులేని పెరడు తక్కువ కాబట్టి అక్కడివాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. పెళ్లిళ్ల సీజన్లో పనసపొట్టు కొట్టేవాళ్లని గమనించండి. కాయ మీద కత్తి పెట్టకముందే కత్తికి, రెండు చేతులకి మోచేతి దాకా నూనె రాస్తారు. నరికాక కారే తెల్లటి పాలని కాగితంతోనో అరటి డొప్పతోనో అద్ది తీస్తారు. మధ్యమధ్యలో కత్తిని నూనెగుడ్డతో తుడుస్తారు. నీళ్లు దగ్గరకి రానివ్వరు. నీళ్లు తగిలితే పాలు తీగలు సాగి, బంకగా మారి అలుగుకి చుట్టుకుంటాయి.

ఇప్పటికే ఎండి గట్టిపడిపోతే అలుగుకి కొబ్బరినూనె పట్టించి కాసేపు వదలండి. తర్వాత పాత గుడ్డతో చెక్కపీట వైపు నుంచి అంచు వైపుకి తుడవండి, ఎదురు తుడిస్తే వేలు తెగుతుంది. మిగిలిన జిడ్డుకి పొడిబూడిద, ఆఖరికి సబ్బు. గుడ్డను మళ్లీ అంట్ల దగ్గర వాడకండి.

కత్తిపీట అలుగు స్టీలు కాదు, మామూలు ఇనుము. మామిడికాయ, చింతకాయ తరిగితే నల్లబడుతుంది, తడి ఉంటే తుప్పు పడుతుంది. వాడగానే కడిగి, తుడిచి, నూనెచెయ్యి రాసి, మడిచి పెట్టాలి. కొబ్బరి కోరే పళ్ల మధ్య మిగిలిన తురుము మర్నాటికి పులిసి వాసనేస్తుంది. అక్కడా బ్రష్షే.

చాకులు స్టీలువే అయినా తుప్పు మచ్చలు వస్తున్నాయి, చెంచాలకి రావు. ఎందుకు?

చాకు పదునుగా ఉండాలంటే గట్టి స్టీలు కావాలి. అందులో కార్బన్ ఎక్కువ, నికెల్ దాదాపు ఉండదు. అందుకే తుప్పుకి తొందరగా లొంగుతుంది. చాకుని తొట్టిలో మిగతా అంట్లతో నానబెట్టొద్దు. తుప్పు ఒకటే కాదు, నురగలో కనపడక చెయ్యి తెగుతుంది. చెక్కపిడి ఉంటే నాని చీలుతుంది. చెక్క గరిటెలు, పప్పుగుత్తి కూడా నానకూడదు. నెలకోసారి నూనె రాసి నీడలో ఆరబెడితే చీలవు.

చేపలు, రొయ్యలు, గుడ్డు వండిన గిన్నెల నీచు వాసన?

ముందు చన్నీళ్లు, తర్వాత శనగపిండి లేదా బూడిద, ఆఖరికి నిమ్మతొక్క. చేపల్లో నీచు వాసన వేసే పదార్థాలు క్షారగుణం గలవి, పులుపు వాటిని కట్టేస్తుంది. అందుకే చేపల పులుసులో కూడా చింతపండు.

మట్టి దాకని, రాచిప్పని సబ్బుతో కడగొచ్చా?

వద్దు. మట్టికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, సబ్బు వాటిలో చేరి తర్వాతి పులుసులో దిగుతుంది. వేడినీళ్లు, కొబ్బరిపీచు, కొంచెం బియ్యప్పిండి చాలు. కడిగాక మూత పెట్టకుండా ఎండలో ఆరబెట్టండి. తేమ ఉంటే బూజు పడుతుంది. దాక, రాచిప్ప రెండిటినీ చిన్నమంటతో మొదలుపెట్టి మెల్లగా వేడెక్కించాలి. ఒక్కసారి పెద్దమంట పెడితే పగుళ్లే.

ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాకి పసుపు పట్టేసింది. సబ్బు రాస్తే ఎర్రబడింది!

పసుపులోని రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, కుంకుమ చేసేదీ ఆ గుణంతోనే. కడిగేస్తే మళ్లీ పసుపురంగే. ఆ రంగు నీళ్లకి లొంగదు, నూనెకి, ఎండకి లొంగుతుంది. లోపల నూనె రాసి తుడిచి, సబ్బుతో కడిగి, మూత తీసి రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టండి. తెల్లటి మెలమైన్ కంచాలకీ ఇదే వైద్యం.

వెండి కంచం నల్లబడింది. టూత్‌పేస్టు రాయొచ్చా?

టూత్‌పేస్టు మెరిపిస్తుంది గానీ గీస్తుంది. వెండి నల్లబడేది గంధకం వల్ల. గుడ్డు తిన్న వెండిచెంచా చూడండి. వెడల్పాటి గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండిసామాను దానికి ఆనేలా పెట్టి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పొయ్యండి. కాసేపటికి గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు వెళ్తుంది, వెండి అరగదు. రాళ్లు పొదిగినవి, కావాలని నలుపు పట్టించిన నగిషీ ఉన్నవి ఇందులో వెయ్యొద్దు.

గిన్నెలు తోమడానికి ఏ పీచు మంచిది?

కవిటి, సోంపేట కొబ్బరితోటల దగ్గరున్నవాళ్లు పీచు కొనడం అవమానమే. కొబ్బరిపీచు జిడ్డుకి, బీరపీచు గాజుకి, స్టీలు పీచు మాడిన స్టీలుకి మాత్రమే. స్పాంజి తడిగా సబ్బుగిన్నెలో వదిలేస్తే క్రిములకి ఇల్లు కట్టిచ్చినట్టే. పిండి ఆరబెట్టండి, వాసన వస్తే పారేయండి.

వరదనీళ్లలో మునిగిన సామాను మళ్లీ వాడొచ్చా?

నాగావళి, వంశధార పొంగినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ లాంటి తుఫాను కొట్టినప్పుడు ఇది వచ్చే ప్రశ్నే. లోహపు గిన్నెలు, పింగాణీ సబ్బుతో కడిగి, తర్వాత మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచితే చాలు. గాజు, పింగాణీని చన్నీళ్లలో పెట్టి వేడెక్కించండి. చెక్క గరిటెలు, గీతలుపడ్డ ప్లాస్టిక్, బీటలు వారిన కప్పులు, మట్టి కుండలు పారేయండి. వాటిలోకి దిగిన మురికి బయటికి రాదు. కుక్కరు రబ్బరు మార్చండి.

పంచాయతీవాళ్లు ఇచ్చే బ్లీచింగ్ పౌడరుని స్టీలులో రాత్రంతా ఉంచొద్దు, గుంతలు పడతాయి. అంతకన్నా ముఖ్యం, బ్లీచింగ్‌తో నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన వంటింట్లో అది ప్రాణం మీదకి తెస్తుంది.

డిష్‌వాషర్ కొన్నాం. అన్నీ అందులో పడేయొచ్చా?

స్టీలు, గాజు, మామూలు పింగాణీ వెయ్యండి. ఇత్తడి, కంచు, రాగి, కళాయి గిన్నెలు, ఇనుము, అల్యూమినియం, చెక్క, వెండి, పదునైన చాకులు, కుక్కరు మూత బయటే. అందులో వాడే పొడి క్షారం, నీళ్లు బాగా వేడి. ఇన్ని తీసేశాక ఏం మిగిలిందని అడుగుతారేమో, మన ఇళ్లలో మిగిలేది కంచాలు, గ్లాసులు, చెంచాలే. పదిమంది భోజనం చేసిన రోజున అవే తొట్టి నిండుతాయి.